బండన్నర బొంత

మా జిల్లాలో దవాఖానలో చేరదలచినవాళ్ళు ముహూర్తం కోసం పంచాంగం చూడరు, నాయకుల పుట్టినరోజులు చూస్తారు. ఆ రోజు మంచం దొరికిందంటే రెండు అరటిపండ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, ఒక ఫోటో ఖాయం. ఫోటోలో బ్రెడ్డు ఒక్కటే ఉంటుంది. దాన్ని అందిస్తున్న చేతులు పదహారుంటాయి. అందుకుంటున్న చెయ్యి ఎవరిదో మర్నాడు పేపరు ముందేసుకుని వేలిముద్రల నిపుణుడు తేల్చాలి. చలికాలమైతే అరటిపండ్ల జాగాలో దుప్పట్లు వస్తాయి. నున్నగా, ఎర్రగా, మెరుస్తూ ఉండే దుప్పటి. దాని నడుమ నోరు తెరిచిన పులి. అడవిలో పులులు తగ్గిపోయాయని దేశమంతా దిగులు పడ్డ రోజుల్లో కూడా దుప్పట్ల మీద వాటికి కొదవ రాలేదు. నాలుగేళ్ళ పిల్లవాడు జ్వరంతో అర్ధరాత్రి కళ్ళు తెరిస్తే గదవ కింద కోరలు! సూది మందు కంటే దానికే ఎక్కువ ఏడుస్తాడని నా నమ్మకం.

చలి మాత్రం నాటకం కాదు. వికారాబాదు గుట్టల మీది ఊరు. చలికాలంలో ఎక్కడ ఎంత చలి పడిందో చెప్పే పట్టీలో మా జిల్లా పల్లెల పేర్లు తరచు పైవరుసలోనే కనబడతాయి. పదో తరగతి ఫలితాల్లో కూడా ఇంత పైన కనబడితే బాగుండునని మా మామ, రిటైరైన హెడ్మాస్టరు, ఏటా నిట్టూరుస్తాడు. ఊరి నెత్తిన అనంతగిరి. మూసీ నది పుట్టేది అక్కడే. హైదరాబాదు వాళ్ళు నమ్మరు గాని, పుట్టినప్పుడు అందులో ఉండేవి నీళ్ళే. ఆ గుట్ట మీద నిజాం కాలంలో క్షయ రోగుల కోసం శానిటోరియం కట్టారు. వికారాబాదు గాలి లక్షల మంది రోగులకు దవా అని ఉర్దూలో ఒక పాత మాట ఉంది, పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. స్ట్రెప్టోమైసిన్ రాకముందు ప్రపంచమంతా క్షయకు ఇచ్చిన వైద్యంలో ముఖ్యమైనది ఇదే కదా: గాలి, ఎండ, తిండి, పడక. రోగిని వరండాలో పడుకోబెట్టి మీద కంబళ్ళు కప్పేవాళ్ళు. గాలి దేవుడిది, వరండా సర్కారుది. రెండింటి నడుమ మనిషిని గడ్డకట్టకుండా కాపాడింది కంబళి. దాని పేరు మాత్రం ఏ శిలాఫలకం మీదా కనబడదు.

మా ఇంట్లోకి ఈ కంబళి గోల అమెరికా నుంచి వచ్చింది.

మా మరదలి బిడ్డ డల్లాసు దగ్గర ఉంటుంది. పగలు కంప్యూటరు ఉద్యోగం, శనివారాలు నలుగురైదుగురు ఆడవాళ్ళతో కూచుని పిల్లల ఆసుపత్రులకు దుప్పట్లు అల్లడం. అక్కడ ఇది చిన్న విషయం కాదట. 1995లో క్రిస్మసు ముందురోజు కారెన్ లౌక్స్ అనే ఆమె 'పరేడ్' అనే పత్రికలో ఒక చిన్నపిల్ల గురించి చదివింది. క్యాన్సరు మందులు ఎక్కించినన్నాళ్ళూ ఆ పిల్ల తన దుప్పటిని వదిలిపెట్టలేదట. ఆ ముక్క మనసులో పడి, ఆమె డెన్వరులోని పిల్లల క్యాన్సరు కేంద్రానికి చేత్తో చేసిన దుప్పట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి 'ప్రాజెక్ట్ లైనస్' అని పేరు. లైనస్ ఎవరంటే, చార్లెస్ షుల్జ్ కార్టూన్లలో బొటనవేలు నోట్లో పెట్టుకుని, దుప్పటి నేల మీద ఈడ్చుకుంటూ తిరిగే పిల్లవాడు. ఆ దుప్పటి అతని చేతికి వచ్చింది 1954లో. కారెనమ్మ మొదలుపెట్టిన పని ఇప్పుడు అమెరికా అంతటా పాకి, దుప్పట్లు లక్షలు దాటిపోయాయి.

"పెద్దనాన్నా, మన తాండూరులో కూడా చేద్దాం" అంది పిల్ల ఫోన్లో. అమెరికాలో ఉన్నవాళ్ళకు సొంత ఊరికి సేవ చేయాలనే కోరిక శుక్రవారం రాత్రి పుడుతుంది. మనకది శనివారం పొద్దున ఇడ్లీ నోట్లో ఉన్న సమయం. నోరు ఖాళీ లేక ఊఁ అన్నాను. ఊఁ అంటే ఒప్పుకోలు కింద జమ అయిపోయింది.

తాండూరు మా అత్తగారి ఊరు. అక్కడ రెండు వస్తువులు ప్రసిద్ధి. ఒకటి కాళ్ళ కింద పరుచుకునే నాపరాయి, రెండోది అన్నంలో కలుపుకునే కందిపప్పు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి మా మామ పప్పులో ఉప్పు తక్కువైనా విమర్శించడం మానేశాడు. మూడో ప్రసిద్ధ వస్తువు మా అత్తమ్మ కుట్టే బొంత. దానికి ఇంకా ఏ గుర్తింపూ రాలేదు గాని, వాడకట్టులో పురుడు పోసుకున్న ప్రతి ఇంట్లో అది ఉంటుంది.

వీడియో కాల్‌లో డల్లాసు నిబంధనలు చదవడం మొదలైంది.

"అమ్మమ్మా, మొదటిది. బట్ట కొత్తదుండాలి."

"కొత్త బట్టతోని బొంత కుడతరే పిచ్చిదానా? గంజి బట్ట. పిలగాని ఒళ్ళు గీరుకపోతది" అంది అత్తమ్మ. ఆమె మాట కొట్టేయలేం. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకు మొదటి రోజుల్లో కట్టేది పాత గుడ్డే. పురుడు అయ్యేదాకా కొత్త బట్ట తొడగనివ్వరు. ఎన్నో ఉతుకులు తిన్న నూలుబట్ట ఎంత మెత్తగా ఉంటుందో, ఎంత చెమట పీల్చుకుంటుందో ఏ మిల్లువాడూ కొత్త తానులో ఇవ్వలేడు. మన పెద్దవాళ్ళు దీన్ని ఆచారం అన్నారు కాబట్టి మనం నమ్మలేదు.

"సరే, ఉడకబెట్టి ఉతకండి. రెండోది. పొగ వాసన అస్సలు ఉండొద్దు."

"సాంబ్రాణి పట్టకుండ బొంత పిలగానికెట్ల కప్పుతరే?"

"పొగంటే సిగరెట్టు పొగ అమ్మమ్మా."

"మన ఇంట్ల సిగరెట్టు ఎవరు తాగుతరు?" అంటూ అత్తమ్మ మామ దిక్కు చూసింది. మామ పేపరును ముఖానికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకున్నాడు.

"మూడోది. ఏడాది లోపు పిల్లలను పడుకోబెట్టేటప్పుడు వదులు దుప్పటి మీద వేయొద్దు. ముఖం మీదికి జారితే ఊపిరాడదు."

"అది నువ్వు నాకు చెప్తవా? ఐదుగుర్ని సాదిన" అంది అత్తమ్మ. డల్లాసు, తాండూరు పూర్తిగా ఏకీభవించిన నిబంధన ఇదొక్కటే. నాలుగోది, గుండీలు, పూసలు, పిన్నులు ఉండకూడదు. ఐదోది, కుట్టిన తర్వాత సూదులు లెక్కపెట్టుకోవాలి. ఆరోది అత్తమ్మే చేర్చింది: ప్రతి బొంతకూ ఒక మూల నల్లదారంతో వంకర కుట్టు ఒకటి వేయాలి, దిష్టికి. డల్లాసు దీన్ని మౌనంగా ఆమోదించింది.

ఇక పాత నూలు చీరల వేట. ఇంతటి కరువు ఉందని నాకు తెలియదు. బీరువాలు తెరిస్తే చీరలు మీద పడుతున్నాయి గాని అన్నీ సిల్కులాంటివి, జారేవి, విప్పితే చిటపటమనేవి. నూలు చీరలు కట్టిన తరం వెళ్ళిపోయింది, వాళ్ళ చీరలు స్టీలు గిన్నెలమ్మేవాడి మూటలోకి పోయాయి. చివరికి దొరికినవన్నీ అత్తల చీరలు. ప్రతి చీరతో పాటు ఆ అత్త చరిత్ర కూడా వచ్చింది. వెనకింటి ఆమె చీర ఇచ్చి, "ఇది కట్టుకునే మా అత్త నన్ను అన్ని తిట్లు తిట్టింది, కత్తెరతోని నేనే కోస్త" అని పట్టుబట్టింది. కోయడం అయ్యాక ముక్కు చీదుకుంటూ, అంచు మాత్రం తిరిగి పట్టుకుపోయింది.

చీరలను పెద్ద బగోనెలో సోడా వేసి ఉడకబెట్టారు. అరుగు మీద ఎండేశారు. కుట్టడానికి వచ్చినవాళ్ళు: పక్కింటి ఖాలా; సేడం నుంచి కోడలిగా వచ్చిన అక్క, ఆమె తెలుగులో సగం కన్నడం, కన్నడంలో సగం ఉర్దూ; తండా నుంచి పాలు తెచ్చే చిన్నామె, ఆమె కుట్టు చూశాక మిగతావాళ్ళందరూ తమ కుట్లు విప్పుకున్నారు. తాండూరులో ఒక వాక్యం మొదలైన భాషలోనే ముగియాలనే పట్టింపు ఎవరికీ లేదు.

కొలత టేపుకు పనిలేదు. ఇంట్లో పరిచిన బండలే కొలత. మా అత్తగారింటి నాపబండలు రెండడుగుల చదరం. చీర మడతలు నేల మీద పరిచి, నిలువుకు రెండు బండలు, అడ్డానికి బండన్నర అని అత్తమ్మ తీర్మానించింది. అంటే నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పిల్లల సైజు. మూడు పొరలకు మించొద్దని కూడా తీర్మానం. ఎందుకంటే మామూలు బొంత తడిస్తే దాన్ని పిండడానికి ఇద్దరు మొగవాళ్ళు కావాలి, ఆరడానికి మూడు ఎండలు కావాలి. దవాఖానలో ఈ రెండూ దొరకవు. పొరలు కదలకుండా అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ దగ్గరదగ్గరగా కుట్టుకుంటూ పోతారు. నాకిచ్చిన ఉద్యోగం సూదిలో దారం ఎక్కించడం. వచ్చిన ఆడవాళ్ళల్లో ఎవరికీ దగ్గరి చూపు లేదు, ఉన్న కళ్ళద్దాలు ఇంట్లో మరచిపోయి వచ్చారు. "అల్లుడా, జర దారం ఎక్కియ్యుండ్రి" అని నాలుగు దిక్కుల నుంచి పిలుపు. సాయంత్రం సూదుల హాజరు పట్టీ కూడా నేనే రాయాలి. ఒక్క సూది తక్కువైతే ఎవ్వరూ ఇంటికి పోవడానికి లేదు. ఎక్కువగా అది ఖాలా ఓణీ కొంగుకే గుచ్చి ఉండేది. ఆమె దాన్ని పెట్టుకునే ఊరంతా వెతికేది.

నూలు చాలక పైపొరకు రంగురంగుల గుడ్డ ఎక్కడిది అన్నప్పుడు అందరి చూపూ మామ బీరువా మీద పడింది.

తెలుగువాడికి సన్మానం అంటే శాలువా. మే నెలలో, నలభై నాలుగు డిగ్రీల ఎండలో, కరెంటు పోయిన హాల్లో కూడా శాలువాయే. మామ నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాడు, పైగా అప్పుడప్పుడు కవిత్వం చదువుతాడు. ఇక శాలువాలకు లోటేమిటి? ఉపాధ్యాయ దినోత్సవానివి, పదవీ విరమణవి, పుస్తకావిష్కరణల్లో వేదిక మీద ఖాళీ కుర్చీ నింపినందుకు కప్పినవి. ప్రతిదాని మడతలో ఏ సభో, ఏ తేదీయో రాసిన చీటీ. అత్తమ్మ ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూసి తీర్పు చెప్పింది: "చలికి ఆగదు, ఉతుక్కు ఆగదు. సన్మానానికి తప్ప దేనికీ పనికిరాదు." అయినా అంచుకు, మధ్యలో పువ్వులకు కత్తిరించింది. జిల్లా స్థాయి ఉత్తమ ఉపాధ్యాయ శాలువా దగ్గరికి కత్తెర వచ్చేసరికి మామ లేచి నిలబడ్డాడు. "అది మంత్రి చేతుల మీదుగా కప్పింది" అన్నాడు. "మంత్రి పోయిండు, నువ్వు రిటైరైనవ్, గుడ్డ మాత్రం ఎందుకుండాలె?" అంది అత్తమ్మ. హెడ్మాస్టరుకు ఎదురు జవాబు దొరకని సందర్భం నేను చూసింది అదొక్కటే.

నడుమ డల్లాసు నుంచి కొత్త ఆలోచనలు వస్తూనే ఉన్నాయి. చెన్నైలో 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' అనే ఆడవాళ్ళ బృందం 2016 జనవరి 31న 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు కొట్టింది. తర్వాత దాన్ని విడదీసి లేనివాళ్ళకు పంచారు. మనం కూడా క్రోషే చేయొచ్చు కదా అంది పిల్ల. రెండున్నర ఎకరాలు దాటిన దుప్పటి అని మామ లెక్కకట్టి చెప్పాడు. ఆ లెక్కకు అత్తమ్మ కదల్లేదు, "గన్ని బొక్కలున్న దుప్పటి చలికెట్ల ఆగుతది?" అంది. నరసాపురం లేసు గుర్తుచేశాను. 1844లో మొదలైందంటారు, అక్కడి ఆడవాళ్ళు కుచ్చుసూదితో అల్లినవి విదేశాల బల్లల మీద, కిటికీల మీద ఉన్నాయి. "బల్లకు చలి పెట్టదు గదా" అంది.

తర్వాత ఆక్టోపస్. 2013లో డెన్మార్కులో మొదలైందిది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల పక్కన క్రోషేతో అల్లిన చిన్న ఆక్టోపస్ పెడతారు. దాని కాళ్ళు పట్టుకుంటే బొడ్డుతాడు పట్టుకున్నట్టు ఉంటుందని, ట్యూబులు పీక్కోరని వాళ్ళ ఆశ. ఖాలాకు క్రోషే వచ్చు. వీడియో చూసి ఒకటి అల్లింది. దాన్ని ఆరేస్తే వాకిట్లో ఆడుకునే పిల్లలు సాలీడు సాలీడని చెప్పు తీసుకున్నారు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊళ్ళో కొన్ని దిగుమతులు నడవవు.

స్థానిక ఉత్పత్తి కూడా ఒకటి వచ్చింది. విషయం తెలిసిన ఒక కురుమ తాత భుజం మీద గొంగడి వేసుకుని వచ్చాడు. దక్కనీ గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పట్టి నేసింది. వాన ఆపుతుంది, చలి ఆపుతుంది, పరిస్తే పడక, ముసుగేస్తే గొడుగు. తాత దాన్ని ప్రేమగా ఇస్తానన్నాడు. కాదనలేక సేడం అక్క కొడుకు మీద కప్పి చూశాం. వాడు గోక్కోవడంలో పడి ఏడవడం మరచిపోయాడు. నొప్పి మరపించడానికి ఇదొక మార్గమే గాని, డాక్టర్లు ఒప్పుకుంటారో లేదోనని గొంగడిని తాతకే కప్పి, చాయ్ తాగించి పంపాం.

ఇంత తతంగం ఒక గుడ్డముక్క కోసం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. డొనాల్డ్ విన్నికాట్ అనే ఇంగ్లండు పిల్లల వైద్యుడు 1951లో దీని మీద ఒక పెద్ద పత్రమే చదివాడు. తల్లి పక్కన లేనప్పుడు పిల్లలు ఒక దుప్పటి కొసనో, బొమ్మనో తల్లికి బదులు పట్టుకుంటారని, దాన్ని ఉతకకూడదని తల్లిదండ్రులకు తెలుసునని, ఉతికితే వాసన పోయి పిల్లవాడికి అది పనికిరాకుండా పోవచ్చునని ఆయన రాశాడు. మా అత్తమ్మ విన్నికాట్‌ను చదవలేదు. కాని మా బామ్మర్ది ఆమె పాత చీర కొంగు ముక్క ఒకటి చంకలో పెట్టుకుని బడికి కూడా పోయేవాడని, ఒకసారి దాన్ని ఉతికి ఆరేస్తే దండెం కింద కూచుని రోజంతా అన్నం మానేశాడని చెప్తుంది. ఇప్పుడతను పెద్ద అధికారి. ఆ ముక్క ఇంకా ఇంట్లో ఉంది. ఆస్తి పంపకాల్లో ఎవరికి వస్తుందో చూడాలి.

విన్నికాట్ ఉతకొద్దంటాడు, దవాఖాన ఉడకబెట్టమంటుంది. ఈ తగవు తీర్చడం మా వల్ల కాలేదు. ఉడకబెట్టి ఇచ్చేద్దాం, వాసన సంగతి ఆ తల్లీబిడ్డలే చూసుకుంటారు అనుకున్నాం.

అత్తమ్మను, మామను వెంటబెట్టుకుని బొంతల మూటతో రైలెక్కాను. తాండూరు నుంచి వికారాబాదుకు ప్యాసింజరు. మూట పక్కన కూచున్న మనిషిని చూసి ప్రపంచం ఒక్కటే అనుకుంటుంది. "జోడి ఎంతకిస్తవ్?" అన్నాడు ఎదురుగా ఉన్నాయన. అమ్మేవి కావన్నాను. "సరే, ఒక్కటైతే ఎంత?" అన్నాడు. దవాఖాన పిల్లలకు ఫిరీగా ఇచ్చేవి అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. మూటను, నన్ను మళ్ళీ ఒకసారి ఎగాదిగా చూసి, తన సంచి ఒళ్ళోకి తీసుకున్నాడు. అమ్మేవాణ్ణి మనవాళ్ళు నమ్ముతారు, ఊరికే ఇచ్చేవాణ్ణి నమ్మరు. కొసకు కూచున్న ఇంకొకాయన "రైలు దుప్పట్ల కంటే నయం, ఉతికినట్టున్నయ్" అని మెచ్చుకున్నాడు. ఏసీ బోగీల ఉన్ని కంబళ్ళను నెలకు ఒకసారైనా ఉతుకుతున్నామని రైల్వే మంత్రి 2024లో పార్లమెంటులోనే చెప్పాడు కాబట్టి, ఆ పోలికను మెప్పుగానే తీసుకున్నాను.

ఏ దవాఖానో అడగొద్దు. లోపలికి పోగానే మొదటి ప్రశ్న: ఎవరి పుట్టినరోజు? ఎవరిదీ కాదంటే గుమస్తా కలం కిందపెట్టాడు. సందర్భం అనే గడి ఖాళీగా ఉంచితే పై అధికారి సంతకం పెట్టడట. మామ గొంతు సవరించుకుని "చలి" అన్నాడు. అదే రాశారు. రెండో చిక్కు స్టాకు రిజిస్టరు. అందులో ఎక్కిస్తే బొంత దవాఖాన సొత్తు, పిల్లవాడు ఇంటికి పట్టుకుపోతే దొంగతనం. ఎక్కించకపోతే బొంత లోపలికి వచ్చినట్టే లెక్క కాదు. ఇచ్చింది పిల్లవాడి సొంతం కావాలనేది డల్లాసు ముఖ్య సూత్రం. సిస్టరమ్మ ఒకామె వచ్చి, "బ్రెడ్డును స్టాకులో రాస్తున్నమా? ఇదీ అట్లనే. వాడకంలో అయిపోయింది అని రాయండి" అంది. ఆమెకు దండం పెట్టాను.

వార్డులో మొదటి మంచం మీద ఐదేళ్ళవాడు, చేతికి సెలైను. అత్తమ్మ బొంత విప్పి పరిచింది. పసుపు, నీలం, అంచుకు మంత్రిగారి శాలువా. వాడు దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"పులి ఏది?" అన్నాడు.

నేను అటు తిరిగి కిటికీలోంచి చెట్లు చూశాను. అత్తమ్మ మాత్రం తడుముకోలేదు. "లోపట పండుకున్నది కొడుకా. ఒర్రితే లేస్తది" అంది. వాడు ఏడుపు మింగి, రెండు పొరల నడుమ ఏముందో వేలితో మెల్లగా ఒత్తి చూడసాగాడు. సూది గుచ్చడానికి వచ్చిన సిస్టరమ్మకు కూడా "మెల్లగ" అని చెప్పాడట. పక్క మంచం పిల్ల శాలువా పువ్వు ఉన్న బొంతనే ఏరుకుంది. "మా సారుకు గిట్లాంటిదే కప్పిన్రు" అంది. మామ ఆ బడి పేరు, ఆ సారు పేరు, ఆయన ఏ బ్యాచో కనుక్కునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

అంతవరకు బాగానే ఉంది. మూడో మంచం దగ్గర ఒక అవ్వ మంచం కింద నుంచి బయటికి వచ్చింది. నిజంగానే మంచం కింద నుంచే. మన సర్కారు దవాఖానల్లో రోగి మంచం మీద, రోగి వెంట వచ్చినవాళ్ళు మంచం కింద. కింద పరిచింది మా తాండూరు బండే. ఎండాకాలం దాని మీద పడుకోవడం స్వర్గం. జనవరిలో అదే బండ నడుము పట్టుకుని తెల్లారేదాకా వదలదు.

"పిలగానికిచ్చినవ్, మంచిదే" అంది అవ్వ. "రాత్రంత బండ మీద పండేది నేను. నాకేదమ్మా?"

ఆ మాటతో వార్డంతా లేచింది. నాయనమ్మలు, అమ్మమ్మలు, మేనత్తలు, జ్వరం లేని తమ్ముళ్ళు. ఇటువంటి ప్రశ్నకు డల్లాసు కాగితాల్లో జవాబు లేదు. సిస్టరమ్మ నవ్వి, "రాత్రి వచ్చి చూడుండ్రి. మీరు ఇచ్చిన బొంతలు తల్లుల మీదుంటయ్. పిల్లలు తల్లుల చంకల్లుంటరు" అంది. రాత్రికి మళ్ళీ పోయి చూస్తే ఆమె చెప్పినట్టే ఉంది. ఒక్కో మంచం మీద తల్లీబిడ్డ ఒద్దికగా ఒదిగి ఉన్నారు. మీద బండన్నర బొంత. దాని కింది నుంచి ప్రతి తల్లివీ రెండు కాళ్ళు, మెట్టెలతో సహా, చలిలోకి చాచి ఉన్నాయి.

అప్పుడు గాని నాకు కొలత లెక్క తెగలేదు. డల్లాసు దుప్పటి ఒంటరిగా పడుకునే పిల్లవాడి కోసం పుట్టింది. అక్కడ పిల్లవాడికి ఊయల నాటి నుంచే వేరే గది, వేరే మంచం. రాత్రి తోడుకు ఒక గుడ్డ కావాలి, ఆ గుడ్డ తల్లికి బదులు పనిచేయాలి. మా వార్డులో తల్లికి బదులు అక్కర్లేదు, తల్లే ఉంది. నిజానికి తల్లిని మించిన కంబళి లేదని వైద్యులు కూడా ఆలస్యంగా ఒప్పుకున్నారు. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు బరువు తక్కువ పిల్లలను తల్లుల రొమ్ముకే ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టించాడు. కంగారూ పద్ధతి అని ఇప్పుడు దాన్ని మన దవాఖానల్లో కూడా గోడల మీద బొమ్మ వేసి మరీ చెప్తున్నారు. అయితే ఈ కంబళికి ఒక ఇబ్బంది ఉంది. దానికి కూడా చలి పెడుతుంది.

ఇంటికి రాగానే అత్తమ్మ బండల మీద కొత్తగా అడుగులు వేసి చూసింది. నిలువుకు మూడు బండలు, అడ్డానికి రెండున్నర. "తల్లి కాళ్ళు మునగాలె" అంది. డల్లాసు ఫోన్లో కాస్త గునిసింది. అమ్మలకు కప్పితే అది పిల్లల కార్యక్రమం ఎట్లా అవుతుందని. "బిడ్డా, నీకు ఆపరేషనైనప్పుడు మీ అమ్మ ఏడ పండుకుంది?" అంది అత్తమ్మ. అవతల కాసేపు సప్పుడు లేదు, తర్వాత "ఎన్ని చీరలు కావాలి?" అని వినబడింది. కొత్త సైజుతో పాటు కొత్త డిజైను కూడా వచ్చింది. ప్రతి బొంత మీదా ఖాలా ఒక పులిని కత్తిరించి కుడుతుంది. అది పిల్లిలా ఉంటుంది. ఆమెతో అనే ధైర్యం వాడకట్టులో ఎవరికీ లేదు.

సైజు పెరిగేసరికి గుడ్డ సరిపోవడం లేదు. అత్తల చీరలు అయిపోయాయి. వాడకట్టులో ఇంకా బతికే ఉన్న అత్తల చీరల మీద కోడళ్ళు కన్నేశారని వినికిడి. మామ బీరువాలో మాత్రం అరలు ఖాళీ. అందుకని ఆయన తన విధానం మార్చుకున్నాడు. ఇదివరకు సభకు రమ్మంటే ఓపిక లేదనేవాడు, ఇప్పుడు ఏ సంఘం పిలిచినా వస్తానంటున్నాడు. మొన్న ఎవరో ఫోన్ చేస్తే, వక్తలెవరు, విషయమేంది అని అడగలేదు.

"శాలువా నూలుదేనా?" అన్నాడు. "పొడవెంత? ఆరడుగులుంటదా? చూసి చెప్పుండ్రి, నేను లైన్లోనే ఉంట."

"అధ్యక్షునికి కప్పేది ఏంజేస్తరో అది గూడ అడుగు" అంది అత్తమ్మ లోపలి నుంచి.